ఊరి పేరు చూసి తీర్పు తీర్చేవారమా?

మన డెల్టా ఊళ్లలో కొత్త మనిషి కనబడితే ముందుగా అడిగేది ‘మీదే ఊరండీ?’ అని. చదువు, ఉద్యోగం, ఇంటి సంగతులు అన్నీ ఆ తర్వాతే. అందులో తప్పేమీ లేదు. ఊరు తెలిస్తే చుట్టరికాలు కలుస్తాయి, తెలిసినవారెవరో బయటపడతారు, మాట సాగుతుంది. కాని కొన్ని ఊళ్ల పేర్లు చెప్పగానే ఎదుటివారి ముఖం మారిపోతుంది. చెయ్యి తనంతట తానే జేబు తడుముకుంటుంది. బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గం మీదనున్న స్టూవర్టుపురం అలాంటి నింద మోస్తున్న ఊరు. వడ్లమూడి, తెనాలి, రేపల్లె, పొన్నూరు ఎక్కడైనా సరే, ఇంట్లో వస్తువు కనబడకపోతే నవ్వులాటకు ఆ ఊరి పేరెత్తడం మనకు కొత్త కాదు. ఆ నవ్వులాటలో విశ్వాసులమైన మనం కూడా పాలుపంచుకుంటాం. ఆదివారం నాడు ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఋణస్థులను క్షమించామని చెప్పి, సోమవారం నాడు ఒక ఊరి ఊరంతటికీ దొంగలని ముద్ర వేస్తాం. ఇది చిన్న విషయమేనా? వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

యేసుప్రభువు పెరిగిన ఊరికి కూడా అలాంటి పేరే ఉండేది. యోహాను సువార్త మొదటి అధ్యాయం చదవండి. తాము మెస్సీయను కనుగొన్నామని ఫిలిప్పు పరుగున వచ్చి నతనయేలుకు చెబుతాడు. ఆయన నజరేతువాడని వినగానే నతనయేలు ముఖం చిట్లించుకుంటాడు. అలాంటి ఊరినుండి పనికొచ్చేది ఏం వస్తుందన్నది ఆయన సందేహం. ఇంతకూ ఈ నతనయేలు ఎక్కడివాడు? గలిలయలోని కానా ఊరివాడని అదే సువార్త 21వ అధ్యాయం చెబుతోంది. కానా, నజరేతు ఇరుగుపొరుగు ఊళ్లే. దూరదేశపువాడు అన్న మాట కాదు, పక్క ఊరివాడు అన్న మాట. చిన్నచూపు ఎప్పుడూ పక్క ఊరినుండే మొదలవుతుంది.

దానికి ఫిలిప్పు వాదన పెట్టుకోలేదు. నజరేతు గొప్పలు ఏకరువు పెట్టలేదు. వచ్చి స్వయంగా చూడమని పిలిచాడు, అంతే. ఇంకా ఆశ్చర్యం ప్రభువు చేసినది. తన ఊరిని కించపరచినవాడు ఎదురుగా వస్తుంటే, కపటం లేని మనిషి వస్తున్నాడని ఆయన మెచ్చుకున్నాడు. తనమీద తొందరపడి తీర్పు చెప్పినవాని మీద తాను తీర్పు చెప్పలేదు. అతనిలో ఉన్న మంచిని చూశాడు. తీర్పు తీర్చకపోవడం, క్షమించడం అనే రెండు పాఠాలూ ఈ చిన్న సంఘటనలోనే ఉన్నాయి.

పుట్టుకతోనే నేరస్థులని రాసిన చట్టం

స్టూవర్టుపురానికి ఆ పేరు ఎలా వచ్చిందో మనలో చాలామందికి తెలియదు. ఎరుకల వారు తరతరాలుగా సంచార వ్యాపారులు. సముద్రతీరంలో ఉప్పు కొని, ఎడ్లమీద, గాడిదలమీద వేసుకుని మెట్ట ప్రాంతాలకు తీసుకుపోయి, బదులుగా ధాన్యం తెచ్చేవారు. బుట్టలు, తట్టలు అల్లేవారు, ఎరుక చెప్పేవారు. బ్రిటిష్ ప్రభుత్వం ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకోవడం, రైళ్లు రావడం, అడవులమీద ఆంక్షలు పెరగడం, వీటన్నిటితో వారి బతుకుదెరువు దెబ్బతిన్నది. స్థిరమైన ఇల్లు లేక తిరిగేవారంటే పాలకులకు ముందే అనుమానం. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగే అవుతాడన్న తలంపు దాని పునాది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు.

ఆ చట్టం కింద ఒక కులంలో పుట్టడమే నేరమైంది. వ్యక్తి ఏమి చేశాడన్న విచారణతో పనిలేదు. పేర్లు రిజిస్టరులో రాసుకునేవారు, వేలిముద్రలు తీసుకునేవారు. రోజూ హాజరు వేయించుకోవాలి, పొరుగూరికి వెళ్లాలంటే అనుమతి చీటీ కావాలి. తల్లిదండ్రులనుండి పిల్లలను వేరుచేసి ఉంచే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. 1910ల తొలి సంవత్సరాలలో అలాంటి కుటుంబాలను ఒకచోట చేర్చి బాపట్ల దగ్గర సెటిల్మెంటు ఏర్పాటు చేశారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు. అంటే మనం దొంగతనానికి మారుపేరుగా వాడుతున్నది ఒక ఇంగ్లీషు దొర పేరు. ఆ ఊరి మొదటి నివాసులు తమంతట తాము వచ్చి కూడినవారు కారు, ప్రభుత్వం తెచ్చి కూర్చోబెట్టినవారు.

స్వాతంత్ర్యం తర్వాత 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. నేడు ఎరుకల వారు షెడ్యూల్డు తెగగా రాజ్యాంగ రక్షణలో ఉన్నారు. అయినా కాగితం మీద పోయిన ముద్ర మనసుల్లోనుండి పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఆ ఊరికి చెందిన ఒక దొంగ కథతో మరో సినిమా వచ్చినప్పుడు, మా పిల్లలు తలెత్తుకు తిరగవద్దా అని ఆ సామాజిక వర్గంవారు హైకోర్టు దాకా వెళ్లారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులవివక్షపై తీర్పునిస్తూ, విముక్త జాతులవారిని పుట్టుకనుబట్టి అలవాటుపడ్డ నేరస్థులుగా చూసే జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని చెప్పవలసి వచ్చింది. చట్టం రద్దయిన 72 ఏళ్ల తర్వాత!

తండ్రుల దోషం పిల్లలమీద వేయకండి

పుట్టుకనుబట్టి తీర్పు తీర్చడం వాక్యానికి సరిపడుతుందా? యోహాను 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగినది సరిగ్గా ఇదే. పాపం చేసినది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని. రెండూ కాదని ప్రభువు ఖండితంగా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, నేలమీద ఉమ్మివేసి బురద చేసి అతని కన్నులకు రాశాడు. శిష్యులకు అతడు చర్చించవలసిన సమస్య. ప్రభువుకు అతడు స్వస్థపరచవలసిన మనిషి. అంతకు ఆరు శతాబ్దాల క్రితమే యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో తండ్రి దోషానికి కొడుకు బాధ్యుడు కాడని తేల్చిచెప్పాడు. బైబిలు ఇంత స్పష్టంగా చెప్పినదానికి విరుద్ధంగా 1871 నాటి చట్టం నిలబడింది. ఆ చట్టం చేసినవారిలో ఎక్కువమంది ఆదివారం గుడికి వెళ్లేవారే.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. తీతుకు రాసిన పత్రికలో పౌలు క్రేతీయుల గురించి కఠినమైన మాట వాడలేదా అని. వాడాడు. అయితే అది వారిలోనివాడే ఒకడు తమ ప్రజల గురించి చెప్పిన మాట అని పౌలే రాశాడు. అంతకు కొద్ది వచనాల ముందే ఆయన తీతుకు అప్పగించిన పని ఏమిటో చూడండి. ఆ ద్వీపంలో ప్రతి పట్టణంలోను సంఘపెద్దలను నియమించమన్నాడు. ఎవరినుండి? ఆ క్రేతీయులనుండే. చెడ్డపేరున్న ఆ ప్రజలలోనే దేవుని ఇంటి తాళపుచెవులు మోయదగినవారు ఉన్నారని పౌలు నమ్మాడు. ఒక ప్రజలో ఉన్న తప్పును తప్పని చెప్పడం వేరు, ఆ ప్రజలో పుట్టిన ప్రతివానినీ తప్పుడువాడనడం వేరు.

‘తీర్పు’ అన్న మాటకు అర్థం

మత్తయి 7వ అధ్యాయంలో తీర్పు తీర్చవద్దని ప్రభువు చెప్పిన చోట గ్రీకు మూలంలో ఉన్న పదం ‘క్రినో’. వేరుచేయడం, తేల్చడం, తీర్పు చెప్పడం, దోషిగా నిర్ణయించడం, ఇన్ని అర్థాలు దానికి ఉన్నాయి. మంచి చెడ్డలు వివేచించడం మానుకోమని ప్రభువు చెప్పలేదు. అదే అధ్యాయంలో అబద్ధ ప్రవక్తలను వారి ఫలాలనుబట్టి గుర్తుపట్టమన్నాడు. యోహాను 7వ అధ్యాయంలో పైకి కనబడేదాన్నిబట్టి కాక న్యాయాన్నిబట్టి తీర్పు చెప్పమన్నాడు. కాబట్టి ఆయన వద్దన్నది ఏమిటి? దేవుని సింహాసనం మీద మనం ఎక్కి కూర్చుని ఒక మనిషి చివరి లెక్క తేల్చేయడం. వీడింతే, వీడు మారడు, వీళ్ల జాతే అంత అని పుస్తకం మూసేయడం.

దూలము, నలుసు పోలికను కూడా సగమే చదువుతాం. సహోదరుని కంటిలో నలుసును అలాగే వదిలేయమని ప్రభువు చెప్పలేదు. ముందు నీ కంటిలోని దూలాన్ని తీసుకో, అప్పుడు నీకు తేటగా కనబడుతుంది, ఆ తర్వాత అతని నలుసు తీయవచ్చన్నాడు. కంటిలో నలుసు తీయడం ఎలాంటి పనో ఇంట్లో తల్లులకు తెలుసు. చూపు బాగుండాలి, చెయ్యి మెత్తగా ఉండాలి, పిల్లవాడికి ఆ చేతిమీద నమ్మకం ఉండాలి. కోపంతో పొడిచేవాడి ముందు ఎవరూ కన్ను తెరవరు. మన గద్దింపులు పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

సంఘం ఒప్పుకోవలసిన చరిత్ర

స్టూవర్టుపురం కథలో క్రైస్తవ లోకానికీ పాత్ర ఉంది. ఆ సెటిల్మెంటు నిర్వహణను ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. సీతానగరంలోని సెటిల్మెంటు కూడా వారి నిర్వహణలోనే ఉండేది. కావలి ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషను ఇదే పని చేసింది. మన దేశంలో సాల్వేషన్ ఆర్మీ పనిని 1882లో ప్రారంభించిన ఫ్రెడరిక్ బూత్ టక్కర్ అంతకుముందు పెద్ద ప్రభుత్వోద్యోగి. ఉద్యోగం వదులుకుని కాషాయ బట్టలు కట్టి, చెప్పులు లేకుండా పల్లెల్లో నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్న మనిషి. ఆయన త్యాగాన్ని ఎవరు కాదనగలరు? సెటిల్మెంటులో బడి పెట్టారు, వైద్యం అందించారు, సేద్యం, చేతిపనులు నేర్పారు. పోలీసు లాఠీ తప్ప మరొకటి ఎరుగని కుటుంబాలకు అక్షరం దొరికింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం కృతఘ్నత.

అయితే మరో ముఖం కూడా ఉంది. సువార్త చెప్పే చేతిలోనే హాజరు పుస్తకం ఉండేది. ప్రార్థన చేసే అధికారే అనుమతి చీటీ మీద సంతకం పెట్టేవాడు. చీరాల పొగాకు కంపెనీకి పనివారిని పంపడం కూడా సెటిల్మెంటు ఏర్పాట్లలో భాగమే. దైవసేవకుడూ జైలు అధికారీ ఒకరే అయినప్పుడు, ఆయన ప్రకటించే క్షమాపణను వినేవాడు ఎలా నమ్మాలి? నీ పాపాలు క్షమించబడ్డాయి, రేపు ఉదయం మాత్రం హాజరుకు రా అన్నట్టు లేదా? తప్పిపోయిన కుమారుని తండ్రి ఇంటికి వచ్చినవానికి ఉంగరం తొడిగాడు, చెప్పులు వేయించాడు. వేలిముద్రలు తీసుకోలేదు. కృప, అనుమానం ఒకే గదిలో ఎక్కువకాలం కాపురం ఉండలేవు. మేలు చేస్తూనే మనిషిమీద నమ్మకం లేకుండా ఉండవచ్చునని ఆ చరిత్ర మనకు హెచ్చరిక. ఆ పనివారిని నిందించడానికి నేను ఇది రాయడం లేదు. నేటి మన సేవ ఏ పద్ధతిలో సాగుతోందో పరీక్షించుకోవడానికి రాస్తున్నాను.

1970లలో ఆ ఊరికి వెళ్లినవారు మరొకరు. లవణం, హేమలత దంపతులు. లవణం గారు నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు, వినోబా భావే పాదయాత్రలలో నడిచినవారు. హేమలత గారు మన గుంటూరు సీమలోని వినుకొండకు చెందిన మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె. దొంగతనాలు చేసేవారిని, వారి కుటుంబాలను కలుసుకుని, కూర్చుని మాట్లాడి, మారడానికి దారులు వెతికారు. ప్రభుత్వంతో మాట్లాడి పునరావాసానికి పాటుపడ్డారు. హేమలత గారు 2008లో, లవణం గారు 2015లో కన్నుమూశారు. దేవుణ్ణి నమ్మని ఇంటి కోడలు ఆ గుడిసెల్లో కూర్చుని అన్నం తింటుంటే, నమ్మిన మనం రైలు కిటికీ మూసుకుని ఆ స్టేషను దాటిపోయాం. గాయపడినవాణ్ణి చూసి పక్కగా వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు, ఆగి కట్టు కట్టిన సమరయుడు జ్ఞాపకం వస్తే మన తప్పు మనకు తెలుస్తుంది. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు ఆ కథ చెప్పినది ధర్మశాస్త్రం బాగా తెలిసిన ఒక పండితునికి.

ఇప్పుడు వచ్చి చూడండి. ఆ ఊరి పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల విభాగంలో బరువులెత్తి దేశానికి బంగారు పతకం తెచ్చాడు. అయితే ఇంకొక మాట. పతకం తెస్తేనే గౌరవిస్తామంటే అది కూడా తీర్పే. పతకాలు లేని కూలివాడు, బుట్టలల్లే ముసలమ్మ, సగంలో చదువు ఆపేసిన కుర్రవాడు, వీరందరూ దేవుని స్వరూపంలో చేయబడినవారే. ఆ గౌరవానికి వేరే అర్హత పత్రం అక్కర లేదు.

నిజంగా దొంగే అయితే?

ఇంతవరకు చెప్పినదానికి చాలామంది తల ఊపుతారు. నిరపరాధిని అనుమానించకూడదని ఎవరైనా ఒప్పుకుంటారు. సువార్త ఇంకా ముందుకు వెళ్తుంది. అతడు నిజంగానే దొంగ అయితే ఏం చేయాలి? ప్రభువు పక్కన సిలువ వేయబడినవాడు తన శిక్ష న్యాయమైనదేనని తానే ఒప్పుకున్నాడు. బాప్తిస్మం పొందడానికి, పోగొట్టినది తిరిగి ఇవ్వడానికి వానికి సమయం మిగలలేదు. అయినా ఆ రోజే పరదైసులో తనతో ఉంటాడని మాట ఇచ్చాడు ప్రభువు. ఆయన వెంట పరలోకపు గుమ్మం దాటిన ఆ మనిషి రుజువైన నేరస్థుడు.

ఫిలేమోను పత్రిక ఒకే అధ్యాయం. దాన్ని మన ప్రసంగ వేదికలమీద అరుదుగా చదువుతాం. ఒనేసిము అనే బానిస యజమానిని విడిచి పారిపోయాడు. వెళ్తూ ఏదో నష్టం కూడా కలిగించి ఉంటాడని 18వ వచనం సూచిస్తోంది. చెరసాలలో ఉన్న పౌలును కలిసి విశ్వాసి అయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపుతూ, దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకోమని రాశాడు. అతడు బాకీ ఉన్నదేమైనా ఉంటే తన లెక్కలో వేయమని, తాను తీరుస్తానని సొంత చేతితో రాసి ఇచ్చాడు. క్షమాపణ అంటే ఏమిటో ఇంతకంటే తేటగా చెప్పడం కష్టం. నష్టం జరగలేదని పౌలు అబద్ధం చెప్పలేదు. ఫిలేమోను మరచిపోవాలని ఆజ్ఞాపించలేదు. ఆ నష్టాన్ని తన మీద వేసుకున్నాడు. సిలువమీద క్రీస్తు మనకోసం చేసినది అదే గదా!

మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానంలో లెక్కలు చూడండి. మొదటి సేవకుని బాకీ 10,000 తలాంతులు. ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే కూలివాని ఒక రోజు కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా ఆ అప్పు తీరడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. రెండవ సేవకుని బాకీ 100 దేనారాలు. అది కూడా తక్కువేమీ కాదు, మూడు నాలుగు నెలల కూలి. కూలి కుటుంబానికి అది పెద్ద మొత్తమే. అంటే మనకు ఇతరులు చేసిన అన్యాయం లెక్కలోకి రానిదని ప్రభువు అనడం లేదు. అది నొప్పించేదే, నిజమైనదే. దాన్ని మనకు మాఫీ అయిన దాని పక్కన పెట్టి చూడమంటున్నాడు.

క్షమాపణ న్యాయానికి అడ్డమా?

ఇక్కడ జాగ్రత్తగా ఒక మాట చెప్పాలి. తీర్పు తీర్చవద్దు, క్షమించు అనే మాటలను మనం తరచు తప్పు మనుషులకు చెబుతున్నాం. కొట్టినవానికి చెప్పకుండా దెబ్బ తిన్నవానికి చెబుతున్నాం. తెనాలికి దగ్గరలోని చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. ఊరిలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లి 23 ఏళ్లు కోర్టు వైపు చూస్తూ గడిపితే, ఆమె దగ్గరికి వెళ్లి ఇక క్షమించి వదిలేయమ్మా అని చెప్పే హక్కు నాకుగాని మీకుగాని ఉందా? క్షమించే అధికారం గాయపడిన వారిది. వారి తరఫున మనం ఉదారంగా పంచిపెట్టే సరుకు కాదది.

లూకా 18వ అధ్యాయంలో న్యాయాధిపతి ఇంటి చుట్టూ తిరిగిన విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు. ప్రార్థనకు ఆమెనే మాదిరిగా చూపించాడు. పౌలు తనకు అన్యాయం జరిగినప్పుడు కైసరు న్యాయస్థానానికి చెప్పుకున్నాడు. న్యాయం అడగడం పగ కాదు. పగ అంటే నేనే న్యాయమూర్తిని, నేనే తలారిని అనుకోవడం. న్యాయస్థానంలో కేసు నడుస్తుండగానే ఎదుటివాని పిల్లలకు కీడు కోరకుండా ప్రార్థించగలిగిన మనిషి క్షమించే దారిలోనే ఉన్నాడు. తప్పు చేసినవాని దారి కూడా వాక్యంలో ఉంది. జక్కయ్య యింటికి ప్రభువు వెళ్లినది అతడు సొమ్ము తిరిగి ఇచ్చిన తర్వాత కాదు, ముందే వెళ్లాడు. అయితే ఆ కృప రుచిచూసిన జక్కయ్య సగం ఆస్తి బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని లేచి నిలబడి చెప్పాడు. క్షమాపణ ఉచితమే. దాన్ని నిజంగా అందుకున్నవాని చేతులు మాత్రం ఖాళీగా ఊరుకోవు.

మన సంఘాల్లో ఏం చేయాలి?

మొదటిది మన మాట. ఊరి పేరుతో, కులం పేరుతో చేసే ఎగతాళిని మన ఇళ్లలో ఆపాలి. పిల్లలు వింటున్నారు. నాలుక గురించి యాకోబు రాసిన 3వ అధ్యాయం మద్యపానం మీద ప్రసంగాలంత తరచుగా మన గుళ్లలో వినబడాలి.

రెండవది ప్రార్థన మనవులు. ఫలానా సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి అంటూ ఆ కుటుంబం గుట్టంతా నలుగురిలో పెట్టే అలవాటు మన కూటాల్లో పాతుకుపోయింది. అది ప్రార్థన ముసుగు వేసుకున్న తీర్పు. మత్తయి 18వ అధ్యాయం క్రమం చాలా సూటిగా ఉంది. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటపెట్టుకుని వెళ్లాలి. ఆ తర్వాతనే సంఘం. మనం దాన్ని తలకిందులు చేశాం. ముందు ఊరికి తెలుస్తుంది, తర్వాత సంఘపెద్దలకు తెలుస్తుంది, చివరికి ఎప్పుడో ఆ మనిషికి తెలుస్తుంది.

మూడవది అనుమానం. గుడిలో మైకు పోయినా, కానుకల పెట్టెలో లెక్క తేడా వచ్చినా మన చూపు ముందు ఎవరివైపు పోతుందో గమనించుకోండి. పేదవానివైపు, కొత్తగా వచ్చినవానివైపు, ఆ ఊరివానివైపు. పన్నెండుమంది శిష్యులలో దొంగ ఎవరు? నలుగురూ అనుమానించిన సుంకరి మత్తయి కాదు. అందరూ నమ్మి డబ్బు సంచి చేతికిచ్చిన యూదా. యోహాను 12వ అధ్యాయం ఆ సంగతి దాచకుండా రాసింది. కాబట్టి ప్రతి సంఘంలో లెక్కలు అందరి ముందు చూడండి, ఎవరిమీద ముద్ర వేయకండి.

నాలుగవది సంబంధాలు. జైలునుండి విడుదలై వచ్చిన మనిషి ఆరాధనకు వస్తే ఏ వరుసలో కూర్చుంటాడు? అతని పక్కన ఎవరు కూర్చుంటారు? ఆ ఊరి అమ్మాయికి మన అబ్బాయిని అడిగితే ఏం జవాబు చెబుతాం? విశ్వాసం, గుణం, చదువు అన్నీ బాగున్నాయి, ఊరే బాగాలేదు అంటామా? ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పొందినవారిమి, ఇంటి విస్తరి దగ్గర వేరువేరు వరుసలు వేస్తే ఆ బల్లకు అర్థం ఏముంటుంది? ఈ ప్రశ్నకు ప్రసంగ వేదిక మీదనుండి జవాబు రాదు. పెళ్లిచూపులకు వెళ్లే ఇళ్లనుండి రావాలి.

రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు అడిగిన ప్రశ్నను మన మాటల్లో చెప్పుకోవాలంటే, మరొకరి ఇంటి పనివాని బాగోగులు తేల్చడానికి నువ్వెవరవు? అతని యజమాని ఉన్నాడు. అతన్ని నిలబెట్టగల శక్తి ఆ యజమానికి ఉంది. మనమందరం ఒకనాడు ఆయన న్యాయపీఠం ఎదుట నిలబడవలసినవారమే. ఆ రోజున మన ఊరు, మన వంశం, మన మంచిపేరు మన పక్షాన సాక్ష్యం చెప్పవు. ఆయన కృప ఒక్కటే మాట్లాడాలి.

ప్రియులారా, ఈ వారం మీలో ఎవరైనా చీరాల వైపు రైలులో వెళ్తుంటే ఆ స్టేషను రాగానే సామాను దగ్గరికి లాక్కోవడానికి ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ ఊరి కోసం, ఆ ఊరిలోని పిల్లల కోసం ఒక చిన్న ప్రార్థన చేయండి. ఆ స్టేషనులో ఎక్కినవారు ఎదురుగా వచ్చి కూర్చుంటే కొంచెం జరిగి చోటివ్వండి. ‘మీదే ఊరండీ?’ అని నవ్వుతూ అడగండి. వారు ఆ పేరు చెప్పిన తర్వాత కూడా మీ ముఖంలోని నవ్వు అలాగే ఉండనివ్వండి. ప్రభువు మనందరినీ దీవించును గాక. ఆమేన్.